ఆ గీతలు తుడవకండి

పోయిన సంవత్సరం నారళీ పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం చూసుకొని, కొత్త జంధ్యాలు వేసుకొని, అందరం దాజీ పేఠలోని పాతింట్లో కూడుకున్నాం. భోజనాలైనంక కాక అటక మీది నుంచి ఒక గుడ్డ సంచి దించిండు. అందులో మూడు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు. "ఇవన్ని ఎప్పుడో సీడీలల్ల పడ్డయి గద, ఇంక ఈ డబ్బాలెందుకు? రేపు రద్దీల వేసేద్దాం" అన్నడు. ఎవరూ కాదనలేదు. నేను మాత్రం సంచి తీసుకొని నా బండి డిక్కీలో పెట్టుకున్న.

ఆ రోజు నేనెందుకు అడ్డుపడ్డానో అందరికీ సరిగా చెప్పలేకపోయిన. ఈ బ్లాగు చదివే సోలాపూర్, భివండీ, ముంబై వాళ్ల ఇండ్లల్లో, హోసూరు, బరంపురం దిక్కున్న మన తెలుగువాళ్ల ఇండ్లల్లో కూడా ఇలాంటి సంచులు అటకల మీద ఉండే ఉంటయి. అందుకే ఇప్పుడు నెమ్మదిగా చెప్తున్న.

నా మాట ఒక్కటే. పాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు కదిలే బొమ్మ అంచుల మీద దువ్వెన పళ్లలాగా అడ్డగీతలు కనిపిస్తయి. వాటిని చూసి "వీడియో ఖరాబైంది" అనుకొని, ఎక్కించేటప్పుడే తుడిపించుకుంటాం. అక్కడే మనం పోగొట్టుకుంటున్నాం. ఆ గీతలు క్యాసెట్ జబ్బు కాదు. బొమ్మలో ఉన్న అసలు సరుకే అట్లా కనిపిస్తున్నది. చూడటానికి వేరే కాపీలో వాటిని తీసేయించుకోవచ్చు గానీ, దాచుకునే కాపీలో ఉంచి తీరాలె.

మా సంగతే చూడండి. 1992లో చిన్నత్త పెండ్లికి వచ్చిన వీడియో అన్న, క్యాసెట్ ఇంకా మిగిలుందని మరునాడు పొద్దున మా తాత గుంట మగ్గం మీద కూర్చొని నేస్తుంటే ఒక పావుగంట తీసిండు. అప్పటికే గల్లీ నిండా సాంచాలే, చేతి మగ్గాలు ఒకటి రెండు మిగిలినయి. నాలుగేండ్లకు తాత పోయిండు, మగ్గం కట్టెలు పొయ్యిలోకి పోయినయి. తాత పని చేస్తుండగా మా దగ్గరున్న బొమ్మ ఆ పావుగంట ఒక్కటే.

2007లో ఆ క్యాసెట్‌నూ, 1994 నాటి కాక పెండ్లి క్యాసెట్‌నూ ఊళ్ళో ఒక స్టూడియోలో ఇచ్చి డీవీడీలు చేయించినం. వాళ్లు "క్లీన్" చేసి ఇచ్చిన్రు. గీతలు లేవు, సంతోషపడ్డం. కాక పెండ్లి క్యాసెట్‌కు బూజు పట్టిందని పారేసినం కూడా. మూడేండ్ల కింద టెక్స్‌టైల్ డిజైన్ చదువుతున్న మా చెల్లె, కాక చిన్న బిడ్డ, నన్నడిగింది: "అన్నా, తాత తెగిన పోగును ఒంటి చేత్తో ఎట్ల అతికేటోడో డీవీడీల చూద్దామంటే ఏం కనిపిస్తలేదు. చేతికి పది వేళ్లున్నట్టు కొడుతున్నది" అని. నేనూ పెట్టి చూసిన. నిజమే. నాడె ఇటు నుంచి అటు పోతుంటే ఒకటికి రెండు నాడెలు, రెండూ పొగలాగా. తాత వేళ్లు కదిలినప్పుడల్లా ఒకదాని మీద ఒకటి పడ్డ నీడలు.

తప్పు క్యాసెట్‌ది అనుకున్నం. ఎదురింట్లో మూలకున్న పాత పిక్చర్ ట్యూబు టీవీకి, తెలిసినాయన దగ్గర తెచ్చిన వీసీఆర్ తగిలించి అదే క్యాసెట్ వేస్తే, నాడె ఒక్కటే! నున్నగా, గిరుక్కున పోతున్నది. గీతలూ లేవు, నీడలూ లేవు. అప్పుడర్థమైంది, పాడైంది క్యాసెట్ కాదు, మేం చేయించిన కాపీ అని.

ఎందుకట్ల? నేత ఇంటి వాళ్లకు ఇది చెప్పడం సులువు. సాదా నేతలో ఒక తొక్కుకు బేసి పోగులు లేస్తయి, నాడె పోతుంది. ఇంకో తొక్కుకు సరి పోగులు లేస్తయి, నాడె తిరిగొస్తుంది. రెండు తొక్కులు కలిస్తేనే బట్ట. పాత టీవీ బొమ్మ కూడా ఇంచుమించు ఇంతే. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో బొమ్మకు 625 అడ్డ వరసలు, వాటిలో కంటికి కనిపించే బొమ్మ 576 వరసల్లో ఉంటుంది. కెమెరా ఈ వరసలన్నీ ఒకేసారి పట్టదు. ముందు ఒకటి విడిచి ఒకటి 288 వరసలు పడుతుంది, సెకనులో 50వ వంతు గడిచినంక మిగిలిన 288 వరసలు పడుతుంది. ఈ ఒక్కొక్క సగాన్ని ఫీల్డు అంటరు. సెకనుకు 50 ఫీల్డులు, రెండేసి కలిపితే 25 ఫ్రేములు. ఈ ఏర్పాటు పేరే ఇంటర్‌లేసింగ్.

1936లో బీబీసీ మొదలుపెట్టిన 405 వరసల టీవీలో కూడా ఈ ఏర్పాటే. పూర్తి బొమ్మను సెకనుకు 25 సార్లే చూపిస్తే కండ్ల ముందు మినుకు మినుకుమంటది. 50 సార్లు పూర్తి బొమ్మ పంపాలంటే గాలిలో రెట్టింపు జాగ కావాలె. అందుకని సగం సగం పంపి పనికానిచ్చిన్రు. పిక్చర్ ట్యూబు ఒక సగం గీసి, అది ఆరిపోతుండగానే రెండో సగం గీస్తుంది. మన కన్ను రెండింటినీ కలుపుకుంటుంది. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినంక మన ఇండ్లల్లో చూసిన ప్రతి వార్త, ప్రతి సినిమా, ప్రతి పెండ్లి క్యాసెట్ ఇట్లనే వచ్చింది.

కంప్యూటర్ తెరకు, ఫోన్ తెరకు ఈ వంతుల పద్ధతి లేదు. అవి 576 వరసలనూ ఒకేసారి చూపిస్తయి. అంటే రెండు వేర్వేరు క్షణాలను ఒకే బొమ్మలో పక్కపక్కన కూర్చోబెడుతున్నయి అన్నమాట. మనిషి కదలకుండా కూర్చుంటే ఏ తేడా రాదు. చెయ్యి సెకనుకు మీటరు చొప్పున కదిలిందనుకోండి, రెండు ఫీల్డుల మధ్య రెండు సెంటీమీటర్లు జరిగి ఉంటుంది. బేసి వరసల్లో చెయ్యి ఇక్కడ, సరి వరసల్లో రెండు సెంటీమీటర్ల అవతల. ఆ అంచే మనకు దువ్వెనలాగా కనిపిస్తుంది.

దీన్ని మీరే పరీక్ష చేసుకోవచ్చు. మా క్యాసెట్‌లో బాపమ్మ గోడకు ఆనుకొని కూర్చొని బీడీలు చుట్టుకుంటున్న చోట ముఖం మీద ఒక్క గీత లేదు, వేళ్ల దగ్గర మాత్రమే ఉన్నయి. తలంబ్రాల ఘట్టంలో పడుతున్న ప్రతి గింజకూ గీతలే, వెనక నిలబడ్డ చుట్టాలకు లేవు. నిజంగా టేపు దెబ్బతింటే ఇట్లా కదలిక చూసుకొని రాదు. తెల్లటి చుక్కలు, చారలు బొమ్మ మీద ఎక్కడంటే అక్కడ వస్తయి. పైభాగం పక్కకు వంగుతుంది. బొమ్మ అట్టడుగున సన్నని గజిబిజి పట్టీ ఒకటి మాత్రం అన్ని వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో ఉంటది, అది హెడ్డు మారే చోటు, దానికీ భయపడే పని లేదు.

మరి ఈ గీతలను తీసేటప్పుడు ఏం జరుగుతది? తీరుతీరుగా తీస్తరు. ఒకటి, ఒక ఫీల్డును పారేసి మిగిలినదాన్ని సాగదీయడం. గీతలు పోతయి గానీ సగం వరసలు, సగం క్షణాలు కూడా పోతయి. రెండోది, రెండు ఫీల్డులను కలిపి చెరిపెయ్యడం, దీన్నే బ్లెండ్ అంటరు. మా తాతకు పది వేళ్లు మొలిచింది దీనివల్లనే. మూడోది, ప్రతి ఫీల్డునూ ఒక పూర్తి బొమ్మగా పెంచి సెకనుకు 50 బొమ్మలు చేయడం. లేని వరసలను ముందు వెనక ఫీల్డులు చూసి పూరిస్తరు. యాడిఫ్‌లో రెట్టింపు పద్ధతి, అంతకంటే మెరుగైన క్యూటీజీఎంసీ ఈ పని చేస్తయి. కదలిక పిక్చర్ ట్యూబులో ఉన్నట్టే నున్నగా ఉంటది. ఎడిటింగ్ వాళ్ల భాషలో రెండు ఫీల్డులను ఉన్నవి ఉన్నట్టు జతచేయడాన్ని వీవ్ అంటరు, అంటే నేత. మన పని పేరే పెట్టుకున్నరు వాళ్లు.

మొదటి రెండు పద్ధతుల్లో ఏది చేసినా వెనక్కి రాదు. నేసిన బట్ట పోగులు విప్పొచ్చు గానీ, రుబ్బిన పిండిలోంచి గింజలు ఏరలేం. ఇంకా పెద్ద తప్పు ఒకటుంది. గీతలున్న వీడియోను గీతలుండగానే నిలువు సైజు మార్చడం. 576 వరసలను 480కో 1080కో సాగదీస్తే బేసి సరి వరసలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, సన్నగీతలు పోయి లావు అలలు వస్తయి. అప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ ఫీల్డులను మళ్లీ సరిగా విడదీయలేదు. "హెచ్‌డీ చేసిస్తం" అన్న మాట వినగానే నాకు గుండె దడ అందుకే.

ఇంకో తిప్పలు కూడా చూసిన. వీడియో మొత్తం వణుకుతూ, మనిషి రెండడుగులు ముందుకు ఒకడుగు వెనక్కు వేస్తున్నట్టు ఉంటది. అది ఫీల్డుల వరుస తిరగబడడం. డీవీ పద్ధతిలో కింది ఫీల్డు ముందు వస్తది, చాలా క్యాప్చర్ కార్డుల్లో పై ఫీల్డు ముందు. ఎడిటింగ్‌లో ఒకటి బదులు ఇంకొకటి పెడితే ఈ వణుకు. దాచుకున్న ఫైలు ముట్టకుండా ఉంటే ఒక్క సెట్టింగు మార్చితే సరి. చెరిపేసిన ఫైలైతే ఆ వణుకు శాశ్వతం.

ఇంతకూ మనోళ్లు నాతో వాదించే మాటలు నాలుగు. వాటికి జవాబు చెప్పకుండా ఊరికే దాచండి అంటే వినరు.

మొదటిది, "పిల్లలు ఫోన్లో చూస్తరు, గీతలుంటే చూడరు." నిజమే, చూడరు. వాళ్లకు 50 బొమ్మల కాపీ ఒకటి చేసివ్వండి. అది పంచుకోను. వాట్సాప్‌లో పోయే ఫైలును అసలు అనుకోవద్దు, దారిలోనే అది ఇంకా నలిగిపోతది. చూసే కాపీ వేరు, దాచే కాపీ వేరు. మనం పట్టుచీరను పెట్టెలో పెట్టి, రోజూ కట్టుకోను వేరే చీర వాడుకుంటం గద.

రెండోది, "అంత జాగ యాడుంది?" ఈ మాటకు లెక్క చెప్తా. ఏ కుదింపూ లేకుండా పడితే గంటకు సుమారు 75 జీబీ. ఎఫ్‌ఎఫ్‌వీ1 లాంటి నష్టం లేని పద్ధతిలో కుదిస్తే సగానికీ దిగువకు పడిపోతది, మావి గంటకు 30 జీబీ చుట్టూ వచ్చినయి. డీవీ పద్ధతైతే గంటకు 13 జీబీ, అది కొంచెం నష్టంతో కూడినదైనా ఫీల్డులను కాపాడుతది, అదీ మంచిదే. మూడు గంటల పెండ్లి క్యాసెట్ మా లెక్కన 90 జీబీ. ఒక టెరాబైట్ డిస్కులో అట్లాంటివి పది పడతయి. ఒక కొత్త పెండ్లికి డ్రోనుకు పెట్టే ఖర్చులో ఇది ఎన్నో వంతు?

మూడోది, "ఇప్పుడు ఏఐ ఉంది గద, అదే బాగు చేస్తది." ఏఐకి ఇచ్చే బొమ్మలోనే సగం లేకపోతే అది ఊహించి పెడుతది. అట్లా వచ్చిన ముఖం మా బాపమ్మది కాదు, బాపమ్మ లాంటి ఇంకెవరిదో. ముందు ముందు ఇంకా మంచి సాధనాలు రావొచ్చు, రానీయండి. వాటికి ఇవ్వను మన దగ్గర అసలు ఫైలుండాలె. 2007లో వాళ్లకు చేతనైన పద్ధతిలో చెరిపి ఇచ్చిన్రు. ఇప్పుడు మెరుగైనది చేతిలో ఉంది, కాక పెండ్లికి దాన్ని వాడలేం.

నాలుగోది కొంచెం బరువైన మాట. "పాత వీడియో అంటే మసకగానే ఉంటది, వీహెచ్‌ఎస్‌లో అంత దాచేంత ఏముంది?" వీహెచ్‌ఎస్‌లో సన్నని వివరం తక్కువ, ఒప్పుకుంట. మా తాత చేతిలోని పోగు ఏ కాపీలోనూ కనిపించదు. క్యాసెట్‌లో గొప్పగా ఉన్నది కదలిక. సెకనుకు 50 సార్లు చూసింది ఆ కెమెరా. ఇప్పటి ఫోన్లు మామూలుగా తీసే సెకనుకు 30 కంటే ఎక్కువే. బొమ్మ మసక, కదలిక నిక్కచ్చి. ఉన్న ఆ ఒక్క బలాన్నే మనం చెరిపేస్తున్నం. మన పెద్దవాళ్ల విద్యంతా కదలికలోనే ఉండె. నేతైనా, బీడీ చుట్టడమైనా, జొన్నరొట్టె తట్టడమైనా. కాగితం మీద రాసిపెట్టలేదు, మరాఠీ బళ్ళల్లో చదివిన మనం అడిగి నేర్చుకోనూలేదు.

అందుకని క్యాసెట్ ఇచ్చే ముందు దుకాణంలో ఈ మాటలు అడగండి. పాల్‌లోనే పడతరా, నిలువు 576 వరసలు ఉంచుతరా? 288 అంటే ఒక ఫీల్డు పారేసినట్టే. డీఇంటర్‌లేస్ ఆపి పడతరా? కొన్ని చవక యూఎస్‌బీ స్టిక్కుల సాఫ్ట్‌వేర్ అడగకుండానే గీతలు తీసేస్తది, ముందు అర నిమిషం పట్టి చూపించమనండి. అందులో చెయ్యి ఊపే చోట ఆపి చూస్తే పళ్లు కనిపించాలె. కనిపిస్తే మంచి కాపీ! వెడల్పు తెరకు సాగదీయొద్దు, మనుషులు లావైతరు, 4:3 లోనే ఉండాలె. చివరికి క్యాసెట్ కూడా వెనక్కి తెచ్చుకోండి. బూజు తెల్లగా కనిపిస్తే మాత్రం వీసీఆర్‌లో వెయ్యకండి, ఆ మిషన్ నుంచి మిగతా క్యాసెట్లకు కూడా అంటుతది, ముందు శుభ్రం చేసేవాళ్లను పట్టుకోండి.

ఫైలు ఇంటికొచ్చినంక చూడటానికి వీఎల్‌సీలో వీడియో మెనూ కింద డీఇంటర్‌లేస్ పెట్టుకొని యాడిఫ్ రెట్టింపు ఎంచుకుంటే చాలు, ఫైలు మారదు, తెర మీదే గీతలు పోతయి. క్యాసెట్ పోయి డీవీడీ ఒక్కటే మిగిలినోళ్లు కూడా ఆశ విడవకండి. చాలా డీవీడీల్లో ఫీల్డులు ఇంకా ఉంటయి. అందులోని వీవోబీ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు డిస్కులోకి తీసుకోండి, ఎంపీ4గా మార్చి అసలును పారేయకండి. మా డీవీడీల్లో లేకపోవడం మా ఖర్మ.

తొందర కూడా పడాలె. వీసీఆర్లు చేసే ఆఖరి కంపెనీగా మిగిలిన జపాన్ ఫునాయి 2016 జులైలోనే చేయడం ఆపేసింది. ఇప్పుడు నడుస్తున్నవన్నీ పాతవే, హెడ్డు అరిగితే మార్చేవాళ్లు కరువు. సంచి అటక మీద ఇంకో పదేండ్లు ఉంటే మనకు ఇష్టమున్నా పట్టే మిషన్ ఉండదు.

డిక్కీలో తెచ్చిన మూడు క్యాసెట్లను మొన్న సంక్రాంతికి ముందు మళ్లీ పట్టించిన, గీతలతోనే. చూసే కాపీ వేరుగా చేసి అందరం కూర్చొని చూసినం. నాడె ఒక్కటే. తాత ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు కలిసి ఒక సుట్టు తిరిగి విడిపోతయి, అంతే, పోగు అతుకుతది. అరసెకను కూడా పట్టదు. చెల్లె దాన్ని ఒక్కొక్క బొమ్మే ముందుకు జరుపుకుంటూ, చీర కుచ్చులోంచి ఒక దారం తీసి చేసి చూసుకున్నది. నాలుగోసారికి ముడి పడ్డది.

కాక ఏం మాట్లాడలేదు. తినిలేచి పోతూ పోతూ అడిగిండు, "మా పెండ్లి క్యాసెట్ పారేసినం గద. ఆ సీడీల మీ చిన్నమ్మ నవ్వుతుంటే ముఖం రెండు కనిపిస్తది. అదేమన్న సరైతదా?" అని. కాదని చెప్పిన. చిన్నమ్మ పోయి ఆరేండ్లు.

మీ అటక మీది సంచిని రద్దీవానికి వేసే ముందు ఒకసారి దించి చూడండి.